శిశువిద్యాచార్య డాక్టర్ మేరియా మాంటిస్సోరి

హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి అను పల్లెలుండిన చోట నేడు హైటెక్ సిటీ వెలసియున్నది. 1998వ సంవత్సరమున సైబర్ టవర్స్ అను మేడకు ప్రారంభోత్సవము జరిగిన నాటినుండి కంప్యూటరు కొలువులకై తెలుగు పల్లెల యువజనులు వేలకొలదిగా అచ్చటికి తరలిపోయిరి. వారి బిడ్డలు చదువుకొను చిన్న బడుల వాకిళ్లపై మాంటిస్సోరి అను పేరు తరచుగా కనబడును. అది ఏదో ఊరి పేరనియో, కంపెనీ పేరనియో తలచువారు పెక్కురు కలరు. అది ఒక స్త్రీ పేరు. చేతితో తాకి, కంటితో చూచి, మట్టిని, నీటిని, ఆకును, విత్తును ఎరుగుటయే పసివానికి మొదటి శాస్త్రవిద్య యని లోకమునకు చాటిన వైద్యురాలి పేరు. ఆమె మన దేశమున ఏండ్ల తరబడి నివసించి, మన ఉపాధ్యాయులకు స్వయముగా పాఠములు చెప్పిన విదుషి.

ఈ భావమునకు మన ప్రాచీన గ్రంథములలోనే బీజములున్నవి. ఛాందోగ్యోపనిషత్తునందు ఉద్దాలకుడు తన కుమారుడైన శ్వేతకేతువుచేత మర్రిపండును తెప్పించి, చిదిపించి, అందలి గింజను సైతము పగులగొట్టించి, లోన ఏమి కనబడుచున్నదని అడిగెను. ఉప్పును నీటిలో వేయించి, మరునాడు పైన, నడుమ, అడుగున రుచి చూపించెను. భాగవతమునందలి అవధూత నేలను, గాలిని, తేనెటీగను, ఇంకను పెక్కింటిని గురువులుగా ఎంచి, ఇరువదినలుగురు గురువులను లెక్కించెను. అయితే ఆ కథల గమ్యము ఆత్మవిద్య. శ్వేతకేతువు కూడ అప్పటికే వేదములు చదివి యింటికి వచ్చిన ఇరువదినాలుగేండ్ల యువకుడు. మూడేండ్ల పసివాని యెదుట అట్టి వస్తువులను క్రమముగా ఉంచి, వాని చేతికే అప్పగించి, ఏమి జరుగునో ఓపికతో చూచి వ్రాసిపెట్టిన ఘనత మాంటిస్సోరిది.

మేరియా మాంటిస్సోరి 1870వ సంవత్సరము ఆగస్టు 31వ తేదీన, ఇటలీ దేశమున అంకోనా పట్టణమునకు చేరువనున్న కియరావల్లె అను చిన్న ఊర జన్మించెను. తండ్రి అలెస్సాండ్రో ప్రభుత్వ కోశశాఖలో లెక్కలు చూచు ఉద్యోగి. తల్లి రెనీల్దే ఆ కాలపు స్త్రీలలో అరుదుగా చదువు నేర్చినది. మేరియా అయిదేండ్ల పిల్లగా నున్నప్పుడు కుటుంబము రోము నగరమునకు మారెను. పదమూడవ యేట ఆమె మగపిల్లలు చదువు సాంకేతిక పాఠశాలలో చేరెను. బాలికలు ఉపాధ్యాయినులు కావలెనే గాని యంత్రములు, గణితము వారికేల యని తండ్రి సంశయించెను. తల్లి మాత్రము కుమార్తె పక్షమున నిలిచెను.

1890లో రోము విశ్వవిద్యాలయమున ప్రవేశించి, రెండేండ్లు ప్రకృతిశాస్త్రములను అభ్యసించి, పిమ్మట వైద్యవిద్యకు మరలెను. వృక్షశాస్త్రము, జంతుశాస్త్రము నాడు పట్టుబడినవి గనుకనే తరువాతి కాలమున పసిబిడ్డల యెదుట ఆకును, పురుగును నిలిపి ధైర్యముగా మాటాడగలిగెను. వైద్యశాలలో శవచ్ఛేదము పురుషులతో కలిసి చేయుట స్త్రీకి తగదని నియమించిరి. అందరును పోయిన పిమ్మట ఆమె ఒంటరిగా ఆ గదిలో నిలిచి పని నేర్చుకొనెను. 1896వ సంవత్సరము జూలై 10వ తేదీన పట్టము పొంది, ఇటలీ దేశపు తొలితరము వైద్యురాండ్రలో ఒకతె యయ్యెను.

విశ్వవిద్యాలయపు మానసిక చికిత్సాలయమున సహాయకురాలిగా నున్నప్పుడు ఆమె పిచ్చాసుపత్రులను చూడబోవుచుండెను. బుద్ధి ఎదగని పిల్లలను ఆ కాలమున పిచ్చివారితో కలిపి బంధించి యుంచెడివారు. అట్టి గదిలోని పిల్లలు భోజనానంతరము నేలపై పడిన రొట్టెముక్కలకై ఎగబడుదురని పరిచారిక అసహ్యించుకొనగా, ఆమెకు మరియొక సంగతి తోచెనని జీవితచరిత్రకారులు చెప్పుదురు. ఆ గది బోసిది. చేతితో పట్టుకొనుటకు అచ్చట ఒక్క వస్తువైనను లేదు. పిల్లల చేతులు వెదకునది కేవలము తిండి కాదు, పని. ఆమె వెంటనే ఇటార్, సెగాన్ అను ఫ్రెంచి వైద్యుల గ్రంథములను ముందు వేసికొని చదివెను. ఇంద్రియములకు శిక్షణ నిచ్చి బుద్ధిని మేల్కొల్పవచ్చునని వారు అంతకు పూర్వమే ప్రయత్నించి చూచియుండిరి. 1900లో స్థాపితమైన ఒక శిక్షణాలయమున ఆమె అదే మార్గమున పనిచేయగా, చదువు రాదని త్రోసివేయబడిన పిల్లలలో కొందరు సామాన్య పాఠశాలల పరీక్షలయందు నెగ్గిరి. లోకము ఆమెను ప్రశంసించినది. ఆమె మాత్రము, మందమతులే ఇంత నేర్చినప్పుడు ఆరోగ్యవంతులైన పిల్లలు బడులలో ఇంత తక్కువగా నేర్చుటకు హేతువేమని చింతించెను.

ఆ కాలముననే ఆమె సొంత జీవితమున ఒక గొప్ప దుఃఖము సంభవించెను. తనతో పనిచేసిన వైద్యుడు మోంతెసానోవలన 1898లో ఆమెకు మారియో అను కుమారుడు కలిగెను. వివాహము జరుగలేదు. నాటి సంఘమున ఈ వార్త పొక్కినచో ఆమె ఉద్యోగమును, గౌరవమును ఒక్కదినమున మంటగలిసి యుండును. బిడ్డను పల్లెలో ఒక దాదియొద్ద పెంపకమునకు విడిచిరి. తల్లి అప్పుడప్పుడు పోయి చూచివచ్చుచుండెను. కాని తాను తల్లినని వానికి చెప్పలేదు. లోకములోని పిల్లలను ఎట్లు పెంచవలెనో బోధింపనున్న స్త్రీకి తన బిడ్డను తానే పెంచు భాగ్యము లేకపోయెను. 1901లో మోంతెసానో వేరొకరిని పెండ్లాడగా, ఆమె ఆ శిక్షణాలయమును వీడి మరల విద్యార్థినియై తత్త్వశాస్త్రమును, మానవశాస్త్రమును చదివెను.

రోము నగరమున సాన్ లొరెంజో అనునది కూలివారి పేట. అచ్చట ఒక కట్టడముల కంపెనీ పాత ఇండ్లను బాగుచేయించి పేదలకు అద్దెకిచ్చెను. తల్లిదండ్రులు తెల్లవారగనే కూలికి పోగా, బడియీడు రాని పిల్లలు గోడలు పాడుచేయుచుండిరి. ఆ నష్టము కంటె ఒక గదిలో వారిని కూర్చుండబెట్టుటయే చవుక యని యజమానులు లెక్కవేసి, ఆ పని మాంటిస్సోరికి అప్పగించిరి. ఆ విధముగా 1907వ సంవత్సరము జనవరి 6వ తేదీన, రమారమి 50 మంది పిల్లలతో, పిల్లల ఇల్లు అను బడి తెరువబడెను. గొప్ప విద్యావిధానమునకు మూలము గోడలకు సున్నము వేయు ఖర్చును తగ్గించుకొనుట యగుట చరిత్రలో ఒక వింత.

శిశువులకు తోటవంటి బడి యను భావము ఆమెతో పుట్టినది కాదు. జర్మనీ దేశమున ఫ్రోబెల్ అను ఉపాధ్యాయుడు 1840లోనే తన శిశుపాఠశాలకు పిల్లల తోట యను అర్థము వచ్చునట్లు కిండర్‌గార్టెన్ అని పేరిడియుండెను. ఆయన యౌవనమున అడవుల శాఖలో పని నేర్చినవాడు. మాంటిస్సోరి ఆ తోటలో వైద్యురాలి చూపుతో ప్రవేశించెను. తాను ముందుగా అనుకొన్నదానిని పిల్లలపై రుద్దక, పిల్లలు చేయుచున్నదానిని చూచి తన యభిప్రాయమును దిద్దుకొనుచు వచ్చెను.

ఆమె చూచిన సంగతులలో ఒకటి మిక్కిలి ప్రసిద్ధము. ఒక కొయ్యదిమ్మలో పది గుంటలుండును. వానికి సరిపోవు పది గుండ్రని కొయ్యలుండును. ఒక మూడేండ్ల పిల్ల వానిని తీసి, కలిపి, మరల ఎవరి చోట వారిని నిలుపుచుండెను. చుట్టును పాటలు పాడించినను, కూర్చున్న కుర్చీతో పిల్లను ఎత్తి బల్లపై నిలిపినను తల ఎత్తలేదు. నలుబదిసార్లకు పైగా ఆ పని చేసి, నిద్ర లేచిన దానివలె సంతోషముగా లేచిపోయెను. దీని కిటుకు పెద్దది కాదు. ఒక కొయ్యను తప్పు గుంటలో పెట్టినచో చివరకు ఒకటి మిగిలిపోవును. గురువు తప్పనవలసిన పని లేదు. కొయ్యయే చెప్పును. అటువంటి తప్పునకు శిక్షయు లేదు, సిగ్గును లేదు. తీసి మరల పెట్టుటయే ప్రాయశ్చిత్తము.

మరియొకనాడు ఉపాధ్యాయురాలు ఆలస్యముగా వచ్చెను. ముందటి దినమున బీరువాకు తాళము వేయుట మరచియుండెను. పిల్లలు తమకు వలసిన వస్తువులను తామే తీసికొని పనిలో మునిగియుండిరి. దొంగతనమని ఉపాధ్యాయురాలు కోపింపబోగా, మాంటిస్సోరి దానిని వేరుగా గ్రహించెను. ఎవరికి ఏది కావలెనో వారికే తెలియుచున్నదని నిశ్చయించి, బీరువాలకు బదులు పిల్లల చేతికందు పొట్టి అరలను చేయించెను. బల్లలు, కుర్చీలు కూడ పిల్లల కొలతకే తయారయ్యెను.

ప్రకృతి విద్యయు ఈ మార్గముననే నడచెను. 1909లో ప్రచురించిన గ్రంథమున ఆమె ఒక అధ్యాయమును మొక్కలను, జంతువులను పెంచుటకు ప్రత్యేకించెను. పిల్లవాడు మొక్కను చూచి పోవుటతో చాలదు. వానికి ఒక మొక్క అప్పగింపబడవలెను. నీరు పోయనిచో అది వాడును. మేత వేయనిచో పావురము ఆకొనును. ఎవరును మందలింపకయే ముందుచూపు అలవడును. విత్తు నాటిన మరునాడే త్రవ్విచూచు పిల్లవాడు కొన్నిసార్లు నష్టపోయి, మొలకకు దాని గడువు దానికున్నదని తెలిసికొనును. ఓర్పును గూర్చి పద్యము వల్లించినదాని కంటె ఇది గట్టిగా నిలుచును.

ఆమెయు, ఆమె అనుచరులును కాలక్రమమున ఈ చదువునకు ఒక వరుస నేర్పరచిరి. మొదట సజీవమైన మొక్క, పిదప దాని ఆకుల ఆకారమునకు సరిపోవు కొయ్యపలకలు, ఆ పిదప చిత్రములు, అటుపై పేర్లు. మన నేలపై నైనచో తోక గల రావియాకును, అంచు రంపమువలె నున్న వేపరెబ్బను, ఈనెకు ఇరువైపుల చిట్టి రెబ్బలు గల చింతాకును పిల్లవాడు వ్రేలితో తడిమి వేరు చేయును. పళ్లెములో మట్టి పేర్చి నీరు పోయగా నడుమ నేల మిగిలినచో లంక, నడుమ నీరు నిలిచినచో చెరువు. భూగోళపాఠమునకు ఇంతకంటె సులువైన ద్వారము లేదు. గణితమున ఒక పూస ఏకము. పది పూసల తీగ దశకము. అట్టి పది తీగల చదరము శతము. పది చదరముల ఘనము సహస్రము. వేయి పూసల ఘనమును చేతబట్టిన పిల్లవానికి ఒకటికిని వేయికిని గల భేదము పలకమీది సున్నలవలన గాక బరువువలననే తెలియును.

కొలది సంవత్సరములలో ఆమె పేరు ఖండాంతరములకు ప్రాకెను. 1913లో అమెరికాకు పోయెను. 1915లో సాన్‌ఫ్రాన్సిస్కో ప్రదర్శనమున అద్దపు గోడలు గల తరగతిగది నొకదానిని నెలకొల్పిరి. వెలుపల జనులు క్రిక్కిరిసి చూచుచున్నను లోపలి పిల్లలు తమ పనినుండి తల త్రిప్పకుండిరి. నింద కూడ లేకపోలేదు. 1914లో కిల్‌పాట్రిక్ అను అమెరికా ఆచార్యుడు ఆమె పద్ధతిలో ఊహకును, స్వేచ్ఛగా ఆడుకొనుటకును చోటు చాలదని విమర్శించెను. ఆ విమర్శతో అచ్చట ఆమె ప్రభ కొంతకాలము తగ్గెను. ఆ విషయమున నేటికిని వాదములు నడచుచున్నవి. స్వదేశమున ముస్సోలినీ ప్రభుత్వమిచ్చిన ఆదరమును ఆమె కొన్నియేండ్లు స్వీకరించెను. పిల్లలను నియంతకు కింకరులుగా తయారుచేయు మార్గమునకు తన మార్గము పొసగదని తేలిన పిమ్మట 1934లో తెగతెంపులయ్యెను. ఇటలీలో ఆమె బడులు మూతపడెను. జర్మనీలో నాజీలును ఆమె బడులను మూయించిరి. 1936లో స్పెయిను అంతర్యుద్ధము బార్సిలోనానుండి కూడ ఆమెను వెడలగొట్టగా, హాలండు దేశము ఆశ్రయమిచ్చెను.

ఈ సంచారమంతటను ఆమె వెంట మారియో యుండెను. 1912లో ఆమె తల్లి మరణించిన పిమ్మట, పదునాలుగేండ్ల కుమారుడు ఆమెను చేరెను. లోకమునకు మాత్రము చిరకాలము మేనల్లుడనియో, పెంపుడు కొడుకనియో పరిచయము చేయుచుండిరి.

1939వ సంవత్సరాంతమున, దివ్యజ్ఞాన సమాజాధ్యక్షుడు జార్జి అరండేలు ఆహ్వానము ననుసరించి, తల్లికొడుకులు మదరాసు చేరిరి. నాడు తెలుగు జిల్లాలకు కూడ అదియే రాజధాని. అడయారులో తాటాకు పాకలక్రింద 300 మందికి మించిన ఉపాధ్యాయులకు శిక్షణ ప్రారంభమయ్యెను. ఆమె ఇటాలియను భాషలో చెప్పగా మారియో ఇంగ్లీషులోనికి మార్చుచుండెను. 1940 జూనులో ఇటలీ యుద్ధమున దిగగనే వారిరువురును శత్రుదేశీయులైరి. మారియోను అహమ్మదునగరు శిబిరమునకు పంపిరి. తల్లిని అడయారు దాటరాదనిరి. ఆ ఆగస్టు 31వ తేదీన ఆమెకు డెబ్బది యేండ్లు నిండెను. జన్మదిన కానుకగా ఆమె కుమారుని విడుదల చేయుచున్నట్లు వైస్రాయి తంతి పంపెను. నలుబదిరెండేండ్లుగా బహిరంగముగా పలుకని మాటను, అతడు ఆమె కుమారుడను మాటను, ఒక ప్రభుత్వపు తంతి పలికెను.

1942 మొదలు రెండేండ్లు ఆమె కొడైకెనాలు కొండపై నివసించి, చిన్న పెద్ద వయస్సుల పిల్లలను ఒక్కచోట చేర్చి బోధించెను. చుట్టును అడవి, సరస్సు, నాచు, పురుగులు, పుట్టగొడుగులు. లోపలి గదికిని వెలుపలి కొండకును నడుమ గోడ లేనట్లే పాఠము సాగెను. సృష్టిలోని ప్రతి ప్రాణియు తన పొట్టకై పాటుపడుచునే, తనకు తెలియకయే ఇతరులకు మేలు చేయుచున్నదను భావమును ఆమె అచ్చట విస్తరించెను. పగడపుపురుగు తన గూటికై సున్నమును గ్రహించి సముద్రజలమును తేరుపరచుచున్నది. వానపాము తన తిండికై నేలను గుల్లచేయుచున్నదని ఎరిగిన మన రైతుకు ఈ భావము సుబోధము. అహమ్మదాబాదు, కరాచి, సింహళము మొదలగు చోట్ల కూడ ఆమె శిక్షణ నిచ్చి 1946లో ఐరోపాకు మరలెను. 1947లో మరల వచ్చి 1949 వరకు మన దేశమునకు సేవచేసెను. శిశుచిత్తమును గూర్చిన ఆమె ప్రసిద్ధ గ్రంథము మదరాసుననే 1949లో వెలువడెను.

1952వ సంవత్సరము మే 6వ తేదీన, హాలండులో నోర్డ్‌వైక్ అను సముద్రతీరగ్రామమున, ఆఫ్రికా ప్రయాణమును గూర్చి కుమారునితో ముచ్చటించిన కొలదిసేపటికే, ఎనుబదియొకటవ యేట ఆమె కన్నుమూసెను. మరణశాసనమున మారియోను తన కుమారుడని స్పష్టముగా వ్రాసియుంచెను. 1970లో ఆమె శతజయంతికి భారత ప్రభుత్వము తపాలాబిళ్ల వెలువరించెను. 1990లో ఇటలీ వేయి లీరాల నోటుపై ఆమె చిత్రమును ముద్రించెను.

ఆమె పేరును ఎవరైనను తమ బడికి పెట్టుకొనవచ్చును. అందుచేత పేరు చూచి మురియుట కంటె లోపల జరుగుచున్నది చూచుట మేలు. మూడేండ్లవాడును ఆరేండ్లవాడును ఒక్క గదిలో నున్నారా? వస్తువులు పిల్లల చేతికి అందుచున్నవా, లేక అద్దపు బీరువాలో అలంకారముగా నున్నవా? చేపట్టిన పనిని ముగించుకొను వ్యవధి పిల్లవానికి కలదా? గురువు తక్కువ మాటాడి ఎక్కువ చూచుచున్నాడా? ఈ నాలుగింటికి జవాబు దొరకినచో అది ఆమె బడి. లేనిచో వట్టి బోర్డు.

హైటెక్ సిటీ అద్దాలమేడల నడుమ కూడ ఈ చదువునకు చోటు లేకపోలేదు. అచ్చటి రాళ్లగుట్టలు రమారమి 250 కోట్ల యేండ్ల నాటివి. గోలకొండ కోటకు నీరందించినదని చెప్పబడు దుర్గముచెరువు ప్రక్కనే యున్నది. కొండాపూరు దాపున ప్రభుత్వపు వృక్షోద్యానము కలదు. బిడ్డలను అచ్చటికి తీసికొనిపోయి, ఒక రాతిని, ఒక ఆకును చేతికిచ్చినచో చాలును.

కూలివారి పిల్లలకై పుట్టిన పద్ధతి నేడు పలుచోట్ల సొమ్ముగలవారి భోగమై కూర్చున్నది. పట్టణపు తల్లిదండ్రులు రుసుము చెల్లించి పళ్లెములో తెప్పించు మట్టియు, సీసాలో పెంచు మొలకయు పల్లెబిడ్డ గడపముందే ఉచితముగా పడియున్నవి. అయినను మట్టి యున్నంతమాత్రమున చదువు కాదు. దానికి ఒక క్రమము కావలెను, పేరు కావలెను, ప్రశ్న కావలెను, నోరు కట్టుకొని కనిపెట్టియుండు పెద్ద యొకడు కావలెను. మట్టి ముట్టిన బిడ్డను కసరి చేతులు కడిగించి పలక ముందు కూర్చుండబెట్టు అలవాటు మనలో ఇంకను పోలేదు. మాంటిస్సోరి జీవితము చెప్పునది ఇదియే: ఆ చేయి చెడిపోవుటలేదు, చదువుకొనుచున్నది.